చిల్లులేని రైజర్

ఎస్తేరు రాణి దూలానికి పూసిన ఎర్ర రంగుని గుడ్డతో శుభ్రంగా తుడిచింది. పైన తెల్ల పొడి చల్లి, చేతులు కట్టుకుని నిలబడింది. నిమిషం గడిచింది. తెల్లటి పొడిలోంచి, పగుల్లో ఇంకిన రంగు సన్నటి ఎర్ర గీతై మెల్లగా పైకి తేలింది.

ఆమె వంగి స్కేలు పెట్టింది.

"ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు, బాబాయ్."

ఫోర్‌మన్ కోరాడ లోకనాథం ఆ గీతని చూశాడు. తర్వాత షెడ్డు అవతలి కొసన గాజు గ్లాసుల్లో టీ తాగుతున్న తన మనుషుల్ని చూశాడు. పదకొండు మంది. లెక్క ఆయనకి తెలుసు, అయినా ఇంకోసారి లెక్కపెట్టాడు.

జీలుగువలస ఉక్కు పోతల కర్మాగారంలో కరిగిన ఉక్కుని మోసే పెద్ద బాల్చీని లేడిల్ అంటారు. నిండా పోస్తే ఎనిమిది టన్నులు పడుతుంది. పైన క్రేన్ కొక్కెం, కింద లేడిల్, ఆ రెండింటి మధ్య అడ్డంగా ఒకే ఒక్క ఉక్కు దూలం. బరువంతా దాని మీదే. ఆ పదకొండు మందీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేసేది దాని కిందే.

పగులు ఎనభై దాటితే ఇక ఆ దూలాన్ని నమ్మలేమని ఎస్తేరు రాణి చెప్పింది. లేబొరేటరీలో ఆమెకి పదమూడేళ్ల సర్వీసు. లోహం గురించి ఆమె చెప్పిన మాట ఇంతవరకూ తప్పలేదు. ఆ రోజు నుంచే లేడిల్‌ని సగం మించి నింపకూడదని, ప్రతి సోమవారం పగులు కొలవాలని ఇద్దరూ అనుకున్నారు. కొత్త దూలం బయట నుంచి తెప్పించాలంటే ఆరు నెలలు. ఉక్కు పోసే కర్మాగారానికి ఒక దూలం పోసుకోవడం ఎంతసేపు? లోకనాథం పదింటికల్లా డ్రాయింగు మొదలుపెట్టాడు. వారంలో కొత్త దూలం కొక్కేనికి వేలాడాలి.

పదకొండు గంటలకి గేట్లోకి మూడు కార్లు వచ్చాయి.

వాటిలోంచి దిగినది సమగ్ర నాణ్యతా ప్రక్షాళన మిషన్. దాని డైరెక్టర్ చక్రధరరావు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా, ఎవరినీ నొప్పించని మెత్తటి గొంతు. అంతకు ముందు ఆయన చేనేత వస్త్రాల నాణ్యత చూసేవారు. థానులో ఎక్కడ చిల్లు కనిపించినా ఆ థాను పక్కన పెట్టించేవారు. ఆ పనిలో ఆయనకి రెండు పురస్కారాలు కూడా వచ్చాయి.

కటింగ్ షెడ్డులో గ్యాసు మంటతో కోసి పడేసిన ఉక్కు ముద్దల గుట్ట ఒకటి ఉంది. డైరెక్టర్ గారు దాని ముందు ఆగారు. ఒక ముద్దలోకి చెయ్యి పెట్టారు. చెయ్యి మణికట్టు దాకా లోపలికి వెళ్లింది.

"ఇదేమిటి?"

"రైజర్ సార్," అన్నాడు లోకనాథం.

"ఇందులో ఉన్నది?"

"చిల్లు సార్."

"పక్కదానిలో?"

"అందులోనూ చిల్లే సార్."

గుట్టలో పధ్నాలుగు రైజర్లు ఉన్నాయి. డైరెక్టర్ గారు పధ్నాలుగింటిలోనూ చెయ్యి పెట్టి చూశారు. వెనకున్న సహాయకుడు పధ్నాలుగు ఫొటోలు తీశాడు.

లోకనాథం ఓపిగ్గా చెప్పాడు. గిన్నెలో పోసిన నెయ్యి పేరుకునేటప్పుడు నడుమ గుంట పడుతుంది కదా, ఉక్కు కూడా అంతే, చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది. చివర గడ్డకట్టే చోట చిల్లు పడుతుంది. అందుకని వస్తువు నెత్తిన ఇంకో పెద్ద ముద్ద పోస్తాం, అదే ఈ రైజర్. దాని మీద ధాన్యపు ఊక కప్పి వేడి ఆరకుండా చూస్తాం. అది అన్నిటికన్నా ఆఖర్న గడ్డకడుతుంది. కింద వస్తువుకి ఉక్కు తక్కువైనప్పుడల్లా తన ఉక్కు ఇస్తుంది. మిగిలిన చిల్లు తను ఉంచుకుంటుంది. తర్వాత దాన్ని కోసి మళ్లీ కొలిమిలో వేసేస్తాం.

"చిల్లు ఎక్కడో ఒకచోట పడక తప్పదు సార్. అది ఎక్కడ పడాలో చెప్పడమే మా పని."

డైరెక్టర్ గారు శ్రద్ధగా తల ఊపారు. సహాయకుడు శ్రద్ధగా రాసుకున్నాడు. సాయంత్రానికి నివేదిక వచ్చింది. అందులో ఇలా ఉంది: 'తనిఖీ చేసిన రైజర్లలో నూటికి నూరు పాళ్లు లోపభూయిష్టములని గుర్తించడమైనది. సదరు లోపమును ఫోర్‌మన్ అంగీకరించడమే గాక, అది ఎచ్చట పడవలెనో తామే నిర్ణయించుచున్నామని తెలియజేసియున్నారు. ఇట్టి ఉద్దేశపూర్వక చర్యను తీవ్రముగా పరిగణించడమైనది.'

నివేదిక వెనకే ఉత్తర్వు. రైజరులో చిల్లు ఉండరాదు. రైజరు చిల్లు రహితమని మిషన్ కమిటీ ధ్రువీకరించనిదే కొత్త వస్తువు ఏదీ పోయరాదు.

లోకనాథం గీసిన దూలం డ్రాయింగులో రెండు పెద్ద రైజర్లు ఉన్నాయి. కమిటీ దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి వెనక్కి పంపింది.

పై సోమవారానికి పగులు నలభై నాలుగు.

మర్నాటి నుంచి కర్మాగారం రూపు మారిపోయింది. ఉదయం షిఫ్టు మొదలయ్యే ముందు అందరూ వరసగా నిలబడి, చిల్లులేని రైజర్ సాధిస్తామని కుడిచెయ్యి చాచి ప్రమాణం చేయాలి. రోజుకి ముప్పై రైజర్ల లక్ష్యం పెట్టారు. రైజర్ నాణ్యతా విభాగానికి ఏసీ గది ఇచ్చారు. ఉక్కు లోపల చిల్లు ఉందో లేదో చెప్పే అల్ట్రాసోనిక్ యంత్రం కర్మాగారం మొత్తానికి ఒక్కటే ఉంది. దాన్నీ, నడిపే ఎస్తేరు రాణినీ కలిపి ఆ గదిలోకి మార్చారు. మరి పోసిన వస్తువుల్ని ఎవరు పరీక్షిస్తారని ఆమె అడిగింది. అది మిషన్ పరిధిలోకి రాదని రాతపూర్వకంగా జవాబిచ్చారు.

చిల్లులేని రైజర్ అసలు సాధ్యమేనా అని కమిటీ లోకనాథాన్ని పిలిపించి అడిగింది. ఆయన అబద్ధం చెప్పలేకపోయాడు. సాధ్యమే, రైజర్‌ని బాగా చిన్నది చేస్తే వస్తువు కన్నా ముందే గడ్డకడుతుంది, చిల్లు కిందకి దిగి వస్తువులో పడుతుంది అన్నాడు. 'సాధ్యమే' అన్న మాట దగ్గరే కమిటీ కలాలు మూసేసింది. మిగతాది సాంకేతిక వివరణ కింద అనుబంధంలో చేర్చారు.

అలా జీలుగువలసలో మొట్టమొదటి చిల్లులేని రైజర్ పుట్టింది. కొబ్బరికాయంత ఉంది. దానికి దండ వేసి, దాని ముందు ఒక నిజం కొబ్బరికాయ కొట్టారు. దాని కింద పోసిన అసలు వస్తువు, నీటి పంపు పెట్టెని లోకనాథం సుత్తితో తట్టి చూశాడు. పగిలిన కుండలా మోగింది. ఎవరూ పట్టుకుపోకుండా సుద్దతో 'తదుపరి పరిశీలనకు' అని రాసి షెడ్డు వెనక పడేయించాడు. నెల తిరిగేసరికి షెడ్డు వెనక అలాంటివి వందలకొద్దీ పోగయ్యాయి.

పోతపని ఎర్రునాయుడు వాటిని చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"ఏటి మేస్త్రీ, మనం పంపులు సేస్తన్నామా, పిల్లనగ్రోవులు సేస్తన్నామా?"

"ఊరుకోరా. ప్రమాణం చేసేవు కదా."

"సేసేను. సెయ్యి సాపమన్నారు, సాపేను. నాలిక మాత్రం నా సొంతం."

ఇంతలో ఇంకో చిక్కు వచ్చిపడింది. కోసిన రైజర్లు ఎప్పుడూ తిరిగి కొలిమికే వెళ్లేవి. కొలిమి సగం తిండి అదే. ఇప్పుడు వచ్చేవి ప్రశస్తమైన రైజర్లు. నాణ్యమైన వస్తువుని కరిగించడం నాణ్యతకే అవమానమని కమిటీ సభ్యుడొకరు గద్గద స్వరంతో అన్నారు. వాటికి నంబర్లు వేశారు. మెత్తటి కాగితంలో చుట్టి, తేమ తగలని గోడౌనులో అరల్లో పేర్చారు. కొలిమి ఆకలికి మాడిపోసాగింది. లక్ష్యం తప్పిపోతుంది. ఏం చేయాలి?

సమావేశంలో డైరెక్టర్ గారు కిటికీలోంచి షెడ్డు వెనక్కి చూశారు.

"అవేమిటి?"

పోసిన వస్తువులు సార్ అన్నారు. అంటే రైజర్ వచ్చాక మిగిలిపోయే భాగమా అని ఆయన అడిగారు. ఎవరూ కాదనలేదు. ఆ రోజు నుంచి వాటి పేరు 'అవశేషం'. అవశేషాల్ని కరిగించి రైజర్లు పోయాలని తీర్మానం అయింది. ఆ తీర్మానానికి మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టినవాడు లోకనాథం ఒక్కడే. ఆ చిల్లుల పంపులు ఏ ఊరికీ వెళ్లవు కదా.

తమ పంపు ఏమైందని ఒక పట్టణం నీటి సరఫరా వారు ఉత్తరం రాశారు. 'మీ పంపునకు సంబంధించిన రైజర్ అత్యున్నత ప్రమాణములతో సిద్ధమై భద్రపరచబడినదని తెలియజేయుటకు సంతోషించుచున్నాము' అని మిషన్ జవాబు రాసింది. ఊళ్లో జనం మాత్రం బిందెలు పట్టుకుని అలాగే ఉన్నారు.

సోమవారం. యాభై ఏడు.

లోకనాథం జనరల్ మేనేజర్ దగ్గరికి వెళ్లి క్రేన్ ఆపేయమన్నాడు. రోజుకి ముప్పై రైజర్ల లక్ష్యం ఉండగా క్రేన్ ఆపే అధికారం తనకి లేదని ఆయన నిజాయితీగా చెప్పాడు. లోకనాథం తన మనుషుల్ని లేడిల్ దారి నుంచి వీలైనంత ఎడంగా నిలబెట్టాడు. ఎంత ఎడంగా నిలబడినా అచ్చులోకి ఉక్కు పోసేటప్పుడు దగ్గరికి రాక తప్పదు.

తర్వాతి సోమవారం ఎస్తేరు రాణి ఏసీ గదిలోంచి తప్పించుకుని వచ్చి కొలిచింది. లేచి, స్కేలు కొంగుతో తుడుచుకుంది.

"అరవై ఆరు. బాబాయ్, ఈ వారం తొమ్మిది పెరిగింది. ఇంక నన్ను కొలవమనకు. ఏదో ఒకటి చెయ్యి."

లోకనాథం తిన్నగా డైరెక్టర్ గారి గదికి వెళ్లాడు. పగులు గురించి చెప్పాడు. పదకొండు మంది గురించి చెప్పాడు. కొత్త దూలానికి పెద్ద రైజర్లు ఎందుకు కావాలో మళ్లీ మొదట్నుంచి చెప్పాడు. చక్రధరరావు గారు నిజంగానే బాధపడ్డారు. ఆయన చెడ్డవాడు కాదు. మంచినీళ్లు ఇప్పించి, తన చేతులు ఎలా కట్టేసి ఉన్నాయో వివరించారు. మిషన్ ఏర్పడినది రైజర్ల నాణ్యత కోసం. రైజర్ విషయంలో అయితే ఆయన ఎంత దూరమైనా వెళతారు, అవసరమైతే ఛైర్మన్ గారితో మాట్లాడతారు.

"కానీ మీరు అడుగుతున్నది దూలం గురించి. దూలం రైజరా, చెప్పండి?"

"కాదు సార్," అని లోకనాథం లేచాడు. తలుపు దాకా వెళ్లి ఆగాడు. వెనక్కి తిరిగాడు.

"ఒక్క పూట టైమివ్వండి సార్. చూసి చెప్తాను."

మధ్యాహ్నం ఎస్తేరు రాణి వచ్చేసరికి ఆయన పాత డ్రాయింగు బల్ల మీద పరిచి, రబ్బరుతో రెండు పేర్లు తుడిపేసి, మళ్లీ రాస్తున్నాడు. ఒక్క గీత కూడా మార్చలేదు. పొడుగాటి దూలం పక్కన 'రైజర్' అని రాశాడు. దాని నెత్తిన ఉన్న రెండు బండ ముద్దల పక్కన 'దూలం ఒకటి', 'దూలం రెండు' అని రాశాడు.

ఆమె చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఈ రైజర్‌కి అటూ ఇటూ చెవులెందుకు బాబాయ్ అని అడిగితే?"

"లేడిల్ తగిలించడానికని చెప్తానేటి? ఎత్తడానికి వీలుగా అంటాను. నువ్వు నవ్వకు. రేపు కమిటీలో నువ్వే నా కొంప ముంచుతావు."

కమిటీ ఆ డ్రాయింగు చూసి ముగ్ధమైంది. ఇంతవరకూ కొబ్బరికాయ దాటని రైజర్లే చూశారు. ఇది నిలువెత్తు మనిషి కన్నా పొడుగు. ఇంత భారీ రైజర్‌ని చిల్లు లేకుండా పోయగలరా అని అడిగారు. పోస్తాను అన్నాడు లోకనాథం. మరి ఈ ఊక ఎందుకు, కర్మాగారంలో పశువులున్నాయా అని ఒక సభ్యుడు అనుమానపడ్డాడు. ఊక చల్లేది రైజర్ మీద కాదండి, అవశేషం మీద అన్నాడు లోకనాథం. అయితే మన పరిధిలోకి రాదు అన్నారు. సంతకాలు అయిపోయాయి.

గురువారం పోత. పగులు డెబ్బై ఒకటి.

కొత్త దూలానికి కావలసిన ఉక్కు మూడు టన్నుల లోపే. కానీ దాన్ని మోయవలసింది పాత దూలమే. లోకనాథం పదకొండు మందినీ షెడ్డు బయటికి పొమ్మన్నాడు. ఎర్రునాయుడు ఒక్కడూ కదల్లేదు, ఉక్కు వదిలే చెయ్యి ఇంకొకటి ఉండాలి కదా అన్నాడు. క్రేన్ అంగుళం అంగుళం కదిలింది. పైన ఎక్కడో ఉక్కు కిర్రుమంది. ఇద్దరూ తలెత్తలేదు. అచ్చు నిండింది. రెండు బండ ముద్దల నోళ్లలో ఎర్రటి ఉక్కు పైకి తేలగానే ఎర్రునాయుడు బస్తా ఊక గుమ్మరించాడు. గుప్పున మంట లేచింది. ఖాళీ లేడిల్ నేలకి దిగాక లోకనాథం అక్కడే ఇసకలో కూర్చుండిపోయాడు.

రెండు రోజులు ఇసకలోనే చల్లార్చారు. ఇసక దులిపి ఎస్తేరు రాణి చేతికిచ్చారు. ఆమె అల్ట్రాసోనిక్ యంత్రంతో ఆ కొస నుంచి ఈ కొసకి రెండుసార్లు వెళ్లింది. లోపల ఎక్కడా సూది మోపేంత సందు లేదు. 'దూలం ఒకటి', 'దూలం రెండు' కోసి పడేశారు. రెండింట్లోనూ పిడికిలి పట్టేంత చిల్లు. వాటిని నిబంధనల ప్రకారం కొలిమిలో వేశారు.

అసలు ప్రమాదం అప్పుడు మొదలైంది.

డైరెక్టర్ గారు ఆ రైజర్‌ని చూసి కళ్లు తుడుచుకున్నారు. ఇది గోడౌనులో దాచే వస్తువు కాదన్నారు. ప్రధాన కార్యాలయం వసారాలో అద్దాల పెట్టె చేయిస్తున్నామని, లారీకి కబురు పెట్టామని చెప్పారు. వచ్చే శుక్రవారం ఛైర్మన్ గారు స్వయంగా వచ్చి పచ్చజెండా ఊపుతారట.

ఎస్తేరు రాణి లోకనాథం మొహం చూసింది. పాత దూలం ఇంకో పది పోతలు మోస్తే గొప్ప.

లోకనాథం ఆ సాయంత్రం డైరెక్టర్ గారిని షెడ్డులోకి తీసుకెళ్లాడు. అద్దాల పెట్టెలో పెడితే ఎవరు చూస్తారండి, వచ్చే పోయే గుమాస్తాలు చూస్తారు అన్నాడు. ఈ ఘనత కార్మికుల కళ్ల ముందు ఉండాలి. అదీ నేల మీద కాదు, అందరూ తలెత్తి చూసేంత ఎత్తులో. షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకి తిరుగుతూ ఉంటే ఇంకా మంచిది. ఆయన వేలు పెట్టి క్రేన్ కొక్కేన్ని చూపించాడు.

చక్రధరరావు గారు తలెత్తి కొక్కెం వైపు చూశారు. తర్వాత లోకనాథం భుజం మీద చెయ్యి వేశారు. రాత్రికే ఉత్తర్వు తయారైంది: 'సదరు రైజరును శాశ్వత చలన ప్రదర్శనార్థము క్రేనుకు వ్రేలాడదీయవలెను. గాలికి ఊగకుండుటకై దిగువన తగినంత బరువును తగిలించుటకు ఫోర్‌మనుకు అనుమతి ఇవ్వడమైనది.'

పాత దూలాన్ని దించేశారు. కొత్తదానికి ఇనుప దిమ్మలు తగిలించి రెండుసార్లు ఎత్తి చూశారు.

శుక్రవారం ఛైర్మన్ గారు వచ్చారు. పొట్టి మనిషి, తొందర మనిషి. లేడిల్ నిండా ఉక్కు నింపారు. రెండు నెలల తర్వాత మొదటిసారి నిండా ఎనిమిది టన్నులు. కొత్త దూలం మొదటి పోతకి వెళ్లేటప్పుడు దాన్ని పోసిన మేస్త్రీ దాని కింద నిలబడడం ఆ షెడ్డులో వాడుక. ఏ భద్రతా పుస్తకంలోనూ ఆ మాట లేదు. లోకనాథం హెల్మెట్ సరిచేసుకుని, వెళ్లి క్రేన్ దారిలో నిలబడ్డాడు.

ఛైర్మన్ గారు అది చూసి ముచ్చటపడ్డారు. అంతటి రైజర్‌ని సాధించిన మిషన్ నాయకుడు పక్కన లేకపోతే ఫొటో ఏం ఫొటో అన్నారు. చక్రధరరావు గారికి హెల్మెట్ పెట్టి లోకనాథం పక్కన నిలబెట్టారు.

క్రేన్ గంట మోగింది. లేడిల్ నేల వదిలి, మెల్లగా తూగుతూ వాళ్ల వైపు వచ్చింది. ముందు వేడి వచ్చింది, తర్వాత ఎర్రటి వెలుగు వచ్చింది, తర్వాత నీడ పడింది. రెండు నిప్పురవ్వలు డైరెక్టర్ గారి బూటు పక్కన రాలి ఆరిపోయాయి. ఇస్త్రీ చొక్కా వీపుకి అతుక్కుపోయింది. సరిగ్గా నెత్తి మీదకి రాగానే ఫొటోగ్రాఫర్ చెయ్యెత్తి క్రేన్‌ని ఆపమన్నాడు. ఏదో లెన్సు మార్చుకోవాలట.

చక్రధరరావు గారు తలెత్తి చూశారు. లేడిల్ అడుగు కనిపించింది. దాని పైన, పొగలో, రైజర్ కనిపించింది. దానికీ ఆయనకీ మధ్య ఇంకేమీ లేదు.

"లోకనాథం," అన్నారు పెదవులు కదపకుండా. "ఆ పైన ఉన్నది... దాన్ని పోసేటప్పుడు..."

"చెప్పండి సార్."

"దానికి రైజర్లు పెట్టారా?"

లోకనాథం కెమెరా వైపే చూస్తున్నాడు. "రెండు పెట్టేం సార్. పెద్దవే పెట్టేం."

ఫొటోగ్రాఫర్ ఇంకా లెన్సుతోనే ఉన్నాడు.

"వాటిల్లో చిల్లులు పడ్డాయా?"

"పడ్డాయి సార్. రెండింట్లోనూ. మీ చెయ్యి మణికట్టు దాకా పట్టేంత."

చక్రధరరావు గారు కళ్లు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చుకున్నారు.

"మంచి పని చేశారు," అన్నారు.